గుండె కంటే ముందు కాలేయం

ఐటీ కంపెనీలు ఏటా ఉద్యోగులకు చేయించే హెల్త్ చెకప్ రిపోర్టు ఎలా ఉంటుందో ఒకటి ఊహించి చూద్దాం. మాదాపూర్ అనుకోండి, గచ్చిబౌలి అనుకోండి, నానక్‌రామ్‌గూడ అనుకోండి. మగమనిషి, వయసు 34. పరగడుపు షుగరు 106. ట్రైగ్లిజరైడ్లు 188. హెచ్‌డీఎల్ 36, ఎల్‌డీఎల్ 112, మొత్తం కొలెస్టరాల్ 186. బీపీ 132/86. అల్ట్రాసౌండ్ పేజీ అడుగున ఒక ముక్క: ఫ్యాటీ లివర్, గ్రేడ్ వన్. నడుము చుట్టుకొలత రాయాల్సిన గడి ఖాళీ. టేపు పెట్టి కొలిస్తే 94 సెంటీమీటర్లు తేలేది. ఆ పైన ఈసీజీ నార్మల్, టూడీ ఎకో నార్మల్, ట్రెడ్‌మిల్ టెస్టు నెగెటివ్. షుగరు కాస్త బార్డర్‌లో ఉంది, నూనె తగ్గించండి, నడవండి అని సలహా రాసి పంపిస్తారు. గుండె భేషుగ్గా ఉందన్న భరోసాతో మనిషి ఫైలు మూసేస్తాడు. నా వాదనంతా ఈ భరోసా మీదే. ఆ రిపోర్టులో గుండెకు సంబంధించిన అసలు కబురు ఎకో పేజీలో లేదు, ట్రెడ్‌మిల్ పేజీలో లేదు. కాలేయం, నడుము, ట్రైగ్లిజరైడ్లు ఉన్న వరుసల్లో ఉంది. ఒక్కొక్కటి విడిగా చూస్తే గీత కాస్త దాటినట్టే కనిపిస్తుంది. కానీ అంతర్జాతీయ గుండె, మధుమేహ సంస్థలు 2009లో ఉమ్మడిగా ఒప్పుకున్న కొలమానం ప్రకారం ఐదు లక్షణాల్లో మూడుంటే మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టే. మన మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ట్రైగ్లిజరైడ్లు 150, హెచ్‌డీఎల్ 40 లోపు, బీపీ 130/85, పరగడుపు షుగరు 100. ఈ మనిషికి మూడు కాదు, ఐదుకు ఐదూ ఉన్నాయి.

ఇలాంటి మనుషులు సైబరాబాద్‌లో ఎందరుంటారన్నది ఇప్పుడు ఊహాగానం కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఫలితాలు వెల్లడించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. మూడింట ఒక వంతు మందికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉంది. అంతకు రెండేళ్ల ముందు, 2023లో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మూడు ఐటీ సంస్థల్లోని 183 మందిని చూసింది. 44 శాతం మంది అధిక బరువు, 17 శాతం మంది స్థూలకాయులు, 65 శాతం మందికి హెచ్‌డీఎల్ ఉండాల్సిన దానికన్నా తక్కువ, దాదాపు సగం మందికి మెటబాలిక్ సిండ్రోమ్. మధుమేహం ఉన్నవాళ్లు మాత్రం నూటికి నలుగురే. నన్ను ఎక్కువగా ఆపేసింది ఈ చివరి అంకె. షుగరు జబ్బు వచ్చిందా లేదా అన్న ఒక్క ప్రశ్నే అడిగితే ఈ నూటిలో తొంభై ఆరుగురు ఆరోగ్యవంతుల కిందే లెక్క. ప్రశ్న కొంచెం మార్చి అడిగితే సగం మంది మిగలరు. ఈ రెండు అధ్యయనాలూ చిన్నవే. 345 మందో 183 మందో ఇక్కడ పనిచేసే లక్షల మందికి అచ్చంగా ప్రతినిధులని నేను అనను. శాతాలు అటూ ఇటూ కావచ్చు. కానీ వేర్వేరు బృందాలు వేర్వేరు మనుషులను చూసి ఒకే దిక్కుకు వేలు చూపించినప్పుడు అంకెల తేడా పట్టుకుని విషయాన్ని కొట్టిపారేయడం సబబు కాదు.

కాలేయంలో కొవ్వుకూ గుండె ధమనికీ ఏమిటి సంబంధం? తిన్న అన్నం గ్లూకోజై రక్తంలోకి వచ్చాక దాన్ని దాచుకునే పెద్ద గాదె మన కండరాలు. కండరం కదిలితేనే ఆ గాదె ఖాళీ అవుతుంది. పొద్దున లాగిన్ అయినప్పటి నుంచి రాత్రి అమెరికా కాల్ ముగిసేదాకా కుర్చీలో ఉన్న మనిషికి అది ఖాళీ కాదు. ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టినా కండరం తీయదు; క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పంపుతుంది. మిగిలిన గ్లూకోజును కాలేయం కొవ్వుగా మార్చుకుంటుంది. చర్మం కింద దాచే చోటు నిండిపోతే కొవ్వు పొట్టలోపల, కాలేయంలో చేరుతుంది. అలా నిండిన కాలేయం భారం దించుకోవడానికి ట్రైగ్లిజరైడ్లు నింపిన పెద్ద కణాలను రక్తంలోకి వదులుతుంది. అవి దారిలో హెచ్‌డీఎల్‌తోనూ ఎల్‌డీఎల్‌తోనూ సరుకు మార్చుకుంటాయి: తమ ట్రైగ్లిజరైడ్లు ఇచ్చి వాటి కొలెస్టరాల్ తీసుకుంటాయి. ఈ మార్పిడిలో హెచ్‌డీఎల్ చిక్కిపోయి ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతుంది. ఎల్‌డీఎల్ కణాలు చిన్నవై, చిక్కనై, సంఖ్యలో పెరుగుతాయి. రిపోర్టులో ఎల్‌డీఎల్ 112 అంటే ఆ కణాలు మోసే కొలెస్టరాల్ బరువే తప్ప కణాల సంఖ్య కాదు. ధమని గోడలోకి దూరి అక్కడ చిక్కుకునేది కణం. ప్రతి కణం మీదా అపోబీ అనే ప్రొటీను ఒక్కటే ఉంటుంది కాబట్టి, అపోబీ పరీక్ష చేస్తే కణాలను లెక్కపెట్టినట్టే. ఆ పరీక్ష చేయించకపోయినా ఒక తీసివేత చాలు. మొత్తం కొలెస్టరాల్ 186లోంచి హెచ్‌డీఎల్ 36 తీసేస్తే 150 మిగులుతుంది. అది 130 లోపు ఉండాలి. రెండు వందల లోపు ఉంది కదా అని ల్యాబు నార్మల్ గడిలో వేసిన మనిషి ఈ ఒక్క తీసివేతతో గడి దాటి బయటికొస్తాడు.

ఇక్కడ మనలో బాగా పాతుకుపోయిన ఒక బొమ్మను పక్కన పెట్టాలి. నల్లా పైపులో మట్టి పేరుకున్నట్టు ధమని లోపలి దారి ఏటా కాస్త కాస్త మూసుకుపోతుందనీ, డెబ్బై శాతమో ఎనభై శాతమో దాటాక గుండెపోటు వస్తుందనీ అనుకుంటాం. ఎన్ని బ్లాకులు, ఎంత శాతం అన్నదే ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న. ధమని పైపు కాదు, బతికున్న కణజాలం. గోడలో కొవ్వు చేరుతుంటే అది బయటివైపు ఉబ్బి లోపలి దారిని కాపాడుకుంటుంది. షికాగో వైద్యుడు సీమోర్ గ్లాగోవ్ బృందం 1987లోనే చూపించింది, గోడలో పూడిక దాదాపు 40 శాతం చేరేదాకా లోపలి దారి ఇరుకు కాకపోవచ్చని. పరుగెత్తించి చేసే ట్రెడ్‌మిల్ టెస్టు కనిపెట్టగలిగేది ఆ ఇరుకునే. గోడలో మంట మీద ఉన్న పూడిక పైపొర పలచబడి చిట్లితే నిమిషాల్లో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. చాలా గుండెపోట్లు అలా, అంతకుముందు పెద్దగా ఇరుకు లేని చోటే వస్తాయి. నిన్న టెస్టు నెగెటివ్ వచ్చిన మనిషి ఇవాళ పడిపోవడంలో వింత లేదు. ఇదంతా మొదలయ్యేది ఏ వయసులో? కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలు పరిశీలించి 1953లో వెలువరించిన నివేదికలో, సగటున 22 ఏళ్ల ఆ కుర్రాళ్లలో 77 శాతం మంది ధమనుల్లో జబ్బు ఛాయలు కనిపించాయి. క్యాంపస్ ప్లేస్‌మెంటులో ఆఫర్ లెటరు అందుకునే వయసది.

దీనికి బలమైన అభ్యంతరం వైద్యశాస్త్రం లోపలి నుంచే వస్తుంది. అసలు దోషి ఎల్‌డీఎల్ కొలెస్టరాల్ అని ఎప్పుడో తేలిపోయింది, ఈ మెటబాలిక్ మాటలన్నీ దాన్నుంచి దృష్టి మళ్లించేవేనని కొందరంటారు. ఎల్‌డీఎల్ సంగతి నిజమే. ఎల్‌డీఎల్‌ను కాలేయం ఎలా పట్టుకుని తీసేస్తుందో కనిపెట్టినందుకు బ్రౌన్, గోల్డ్‌స్టైన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఆ పట్టుకునే శక్తి పుట్టుకతోనే లేని పిల్లలకు, వాళ్లెంత సన్నగా ఉన్నా, షుగరు ఎంత మామూలుగా ఉన్నా, చిన్నతనంలోనే గుండెపోటు రావచ్చు. అంటే కొలెస్టరాల్ కణాలు మితిమీరితే ఇంకేమీ అక్కర్లేదు. తెలుగునాట కొన్నేళ్ల కిందట ఊరూరా పాకిన కొబ్బరినూనె, వెన్నల నియమాల వెంట వచ్చిన ప్రచారం, కొలెస్టరాల్ అంతా మందుల కంపెనీల కట్టుకథ అన్నది, పచ్చి అబద్ధం. ఈ వ్యాసం చదివి ఎవరైనా డాక్టరు రాసిన స్టాటిన్ మానేస్తే నాకంటే బాధపడేవాళ్లుండరు. నేను చెప్పేది వేరు. నిండిన కాలేయం ఆ కణాలను పెంచుతుంది, వాటిని చిన్నవి చేస్తుంది, పైగా రక్తం త్వరగా గడ్డకట్టే పదార్థాలను కూడా తోడు పంపుతుంది. అదే సమయంలో ఎల్‌డీఎల్ అంకె మామూలుగా కనిపించేలా చేసి మనల్ని మభ్యపెడుతుంది. మెటబాలిక్ ఆరోగ్యం కొలెస్టరాల్‌కు పోటీ సిద్ధాంతం కాదు. కొలెస్టరాల్ ఎవరి చేతిలో ఎంత ప్రమాదకరమో తేల్చేది అదే.

రెండో అభ్యంతరం ఇంటింటా వినిపించేదే. మావాడు బక్కగా ఉంటాడు, వాడికెందుకొస్తుంది? వచ్చిందంటే అది జన్యువుల రాత. 2004లో లాన్సెట్ పత్రిక ఇద్దరు వైద్యుల ఫొటో వేసింది: పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఎత్తుకూ బరువుకూ ఉండే నిష్పత్తి ఇద్దరికీ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన బక్కతనం చాలాసార్లు కండ తక్కువతనం. తూకం యంత్రం చెప్పలేని ఈ సంగతి టేపు చెబుతుంది. జన్యువుల విషయానికొస్తే, వాటి పాత్ర ఉంది. లైపోప్రొటీన్ ఏ అనే కొలెస్టరాల్ కణం పుట్టుకతోనే ఎక్కువుండే వాళ్లు మనలో తక్కువేమీ కాదు, జీవితంలో ఒక్కసారైనా ఆ పరీక్ష చేయించుకోవాలి. కానీ అంతా జన్యువులేనన్న మాట నిలబడదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మధ్యస్థంగా 53 ఏళ్లకు వచ్చింది. మిగతా దేశాల వాళ్లకు 59. ఆ ఆరేళ్ల తేడా ఎక్కడిదని లెక్కలు తీస్తే, పొగాకు, షుగరు, బీపీ, పొట్ట, కొలెస్టరాల్ కణాల నిష్పత్తి వంటివి మనకు చిన్న వయసులోనే ఎక్కువగా ఉండటమే చాలావరకు కారణమని 2007లో తేలింది. భీమవరంలో పుట్టి, కండరం శక్తిని ఎలా నిలవ చేసుకుంటుందో ప్రపంచానికి చెప్పిన యల్లాప్రగడ సుబ్బారావు 1948లో న్యూయార్కులో గుండెపోటుతో పోయినప్పుడు ఆయన వయసు కూడా 53. ఒక మనిషి మరణం దేనికీ రుజువు కాదని తెలుసు. అయినా ఆ అంకె చూసినప్పుడల్లా ఆయన గుర్తుకొస్తాడు.

జన్యువులు కాకపోతే పుట్టుకలో ఇంకేముంది? దీనికి జవాబు హైదరాబాద్ పొలిమేరల్లోనే దొరికింది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడి 29 గ్రామాల్లో ఒక ప్రయోగం చేసింది. వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా అదనంగా పెట్టారు. 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక సంజయ్ కిన్రా బృందం మళ్లీ వెళ్లి చూస్తే, ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు కాస్త పొడవు పెరిగారు, వాళ్లలో ఇన్సులిన్‌కు ఒళ్లు మాట వినని లక్షణం తక్కువగా ఉంది, ధమనుల బిగువు కూడా తక్కువగా ఉంది. తేడాలు చిన్నవే. కానీ కడుపులో ఉన్నప్పుడు తల్లికి అందిన ఒక గిన్నె ఉప్మా జాడ పదిహేనేళ్ల తర్వాత బిడ్డ రక్తనాళంలో కనిపించిందంటే, రాతగా పిలిచేదాంట్లో ఎంత భాగం మన చేతిలోదో ఆలోచించుకోవాలి. ఆ ఏళ్లలో పుట్టినవాళ్లకు ఇప్పుడు ముప్పై ఐదు దాటింది. ఎదిగే వయసులో అరకొర తిండి, ఉద్యోగం వచ్చాక కడుపు నిండా తిండి, కదలని పని: ఈ మూడూ ఒక్క జీవితంలోనే చూసిన తరం అది.

ఇదేదో సాఫ్ట్‌వేర్ వాళ్లకే వచ్చిన జబ్బు అనుకోవడమూ సరికాదు. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలకు కారణాలు ఆరా తీస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. పొలం గట్ల మధ్య ఊళ్లలోనే పరిస్థితి అదైతే ఐటీ కారిడార్‌నే నిందించడం ఎందుకని అడగొచ్చు. నేను నిందించడం లేదు. ఇక్కడ అదే జబ్బు త్వరగా, నిలువునా కనిపిస్తోందంటాను, ఎందుకంటే పనే కూర్చునే పని. 1953లో జెర్రీ మోరిస్ లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పోల్చి చూశాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు బాగా తక్కువ. లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరి ఉంటారేమో అని ఎవరైనా అడుగుతారు. మోరిస్ తానే ఆ ప్రశ్న వేసుకుని, యూనిఫాం ప్యాంట్ల నడుం సైజులు తిరగేశాడు. డ్రైవర్ల నడుములు నిజంగానే పెద్దవి. అయినా సన్నవాళ్లను సన్నవాళ్లతో, లావువాళ్లను లావువాళ్లతో పోల్చినా హఠాన్మరణాలు కండక్టర్లలోనే తక్కువ. ఇప్పుడు దాని వెనక కారణం కూడా తెలుసు: కదులుతున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజును లాక్కోగలదు. ఒత్తిడి సంగతేమిటంటారా? ఒత్తిడికి పాత్ర ఉంది, ఇంటర్‌హార్ట్ దాన్నీ లెక్కలోకి తీసుకుంది. కానీ ఒత్తిడి గాలిలోంచి గుండెలోకి దూకదు. నిద్ర తగ్గించి, రాత్రి పదకొండింటికి బిర్యానీ పార్సిల్ తెప్పించి, సిగరెట్టు వెలిగింపజేసి లోపలికి వస్తుంది. పగలు తిన్న అన్నమే రాత్రి తింటే షుగరు ఎక్కువ పెరుగుతుంది. పోషకాహార సంస్థ అధ్యయనంలో మెటబాలిక్ సిండ్రోమ్‌తో ముడిపడి కనిపించినవి కూడా ఇలాంటివే: ముప్పై దాటిన వయసు, తరచూ బయట తినడం, ఒక పూట మానేయడం, ఎక్కువసేపు కూర్చోవడం.

సరే, ఇదంతా సరిచేస్తే గుండెపోట్లు తగ్గుతాయన్న రుజువేది? ఇక్కడ నా వాదనకు అడ్డుగా నిలిచే అధ్యయనం ఒకటుంది, దాన్ని దాచను. అమెరికాలో లుక్ అహెడ్ అనే ప్రయోగంలో మధుమేహం ఉన్న ఐదు వేల పైచిలుకు మందిలో సగం మందికి తిండీ వ్యాయామం గట్టిగా నేర్పి బరువు తగ్గించారు. షుగరు, బీపీ మెరుగయ్యాయి. గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. 2012లో ప్రయోగం ఆపేశారు. దీన్ని చూపి జీవనశైలి కబుర్లన్నీ వృథా అనేవాళ్లున్నారు. అయితే వాళ్లంతా 45 నుంచి 76 ఏళ్ల వాళ్లు, అప్పటికే మధుమేహం స్థిరపడ్డవాళ్లు, చాలామంది మందుల మీద ఉన్నవాళ్లు. దీని పక్కన చైనాలోని డాచింగ్ నగరాన్ని పెట్టి చూడాలి. అక్కడ 1986లో మొదలుపెట్టి, షుగరు ఇంకా గట్టు దాటని దశలో ఉన్నవాళ్లకు ఆరేళ్లపాటు తిండి, నడక మీద శిక్షణ ఇచ్చారు. ముప్పై ఏళ్ల తర్వాత లెక్క చూస్తే మధుమేహం దాదాపు నాలుగేళ్లు వెనక్కి జరిగింది, గుండె, రక్తనాళాల దెబ్బలు 26 శాతం తగ్గాయి, వాటివల్ల మరణాలు మూడో వంతు తగ్గాయి. మన పక్కనే చెన్నైలో రామచంద్రన్ బృందం 2006లో చూపిన ఫలితం ఇంకాస్త నిరాడంబరం: మధుమేహం రావడం 28.5 శాతం తగ్గింది. ఆ ప్రయోగం మూడేళ్లే సాగింది కాబట్టి గుండె సంగతి అది చెప్పలేదు. వీటన్నిటినీ కలిపి నేను చదువుకునేది ఇలా: చేసే పని ఒకటే, దాని ఫలితం చేసిన కాలాన్ని బట్టి ఉంటుంది. స్టెంట్ల మీద జరిగిన పెద్ద ప్రయోగాలు, 2007 నాటి కరేజ్, 2019 నాటి ఇస్కీమియా, కూడా దీనికి మరోవైపు నుంచి సాక్ష్యమిస్తాయి. గుండెపోటు వచ్చిన గంటల్లో స్టెంటు ప్రాణం నిలుపుతుంది. నిలకడగా ఉన్న జబ్బులో మాత్రం మంచి మందులకు అదనంగా వేసిన స్టెంటు నొప్పి తగ్గించింది గానీ ఆయుష్షు పెంచలేదు. జబ్బు ధమని గోడ పొడుగునా ఉన్నప్పుడు ఒక్కచోట దారి వెడల్పు చేస్తే ఎంతని మారుతుంది?

1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు ఇరవై మూడేళ్లకు ఉద్యోగంలో చేరినవాళ్లు ఇప్పుడు యాభైకి వచ్చారు. వాళ్లకు మందులూ కావాలి, శ్రద్ధగల డాక్టరూ కావాలి. వాళ్ల వెనక వచ్చి ఇప్పుడు ముప్పైల్లో ఉన్నవాళ్లు డాచింగ్ దశలో ఉన్నారు. దీన్నంతా వ్యక్తి క్రమశిక్షణ మీదికి నెట్టేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. కాల్ రాత్రి పదిన్నరకు పెట్టేది ఉద్యోగి కాదు. రాయదుర్గం దాకా మెట్రో వచ్చినా, స్టేషన్ నుంచి ఆఫీసు గేటు దాకా నిశ్చింతగా నడిచే ఫుట్‌పాత్ లేకపోవడం అతని తప్పు కాదు. దేశవ్యాప్తంగా జరిగిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మనం తినే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. క్యాంటీన్ ప్లేటులో అన్నం గుట్ట పక్కన పప్పు గరిటెడే పడుతుంటే, సాయంత్రం నాలుగింటికి దొరికేవి సమోసా, చాయ్, ఉస్మానియా బిస్కెట్లే అయితే, ఆ 62ని ఒంటరిగా తగ్గించుకోమని ఎవరికి చెబుతాం? పప్పూ పెరుగూ గుడ్డూ పెంచి అన్నం తగ్గించే ఒప్పందం క్యాంటీన్ కాంట్రాక్టులో రాయించుకోవచ్చు. చెకప్ ప్యాకేజీలో ఏ లక్షణాలూ లేని ముప్పై ఏళ్లవాళ్లకు ట్రెడ్‌మిల్ టెస్టు తీసేసి అపోబీ, మూడు నెలల షుగరు సగటు, ఒక్కసారికి లైపోప్రొటీన్ ఏ, తప్పనిసరిగా నడుము కొలత పెట్టొచ్చు. ఆడవాళ్లకు టేపు 80 సెంటీమీటర్ల దగ్గరే హెచ్చరించాలి. గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చిందా అన్న ప్రశ్న వాళ్ల ఫారంలో ఉండి తీరాలి. అలా వచ్చిన స్త్రీలకు తర్వాతి ఏళ్లలో గుండెజబ్బు ముప్పు సుమారు రెండింతలు. ఇక బీమా. కంపెనీ కట్టే పాలసీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరినప్పుడే అక్కరకొస్తుంది. లక్షలయ్యే స్టెంటు చికిత్సకు చెల్లిస్తుంది, డైటీషియన్ ఫీజుకు సాధారణంగా చెల్లించదు. ఆ పాలసీ ఏటా కొత్తగా మాట్లాడుకునేదే. ఈసారి మాట్లాడుకునేటప్పుడు డైటీషియన్ ఫీజు, ఈ రక్తపరీక్షల ఖర్చు చేర్చమని హెచ్‌ఆర్ వాళ్లు అడగాలి. వాళ్లు అడిగేదాకా ఉద్యోగులు ఊరుకోకూడదు.